1850 డేవిడ్ కాపర్‌ఫీల్డ్: మొదటి ముద్రణ అని ఎలా తేల్చాలి? తోలు పొడి రాలుతోంది, ఏం చేయాలి?

అట్టవెనుక:
చార్లెస్ డికెన్స్ ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’ పాత ప్రతి గురించి అడుగుతున్నాను. ముఖపత్రం అడుగున లండన్, బ్రాడ్‌బరీ అండ్ ఎవాన్స్, 11 బూవరీ స్ట్రీట్, 1850 అని ఉంది. ఒకటే సంపుటం, కథ 624వ పేజీతో అయిపోతుంది. వెన్నుకీ మూలలకీ గోధుమరంగు తోలు, మిగతా అట్ట మీద మార్బుల్ కాగితం. ముందు అట్ట ఊడి విడిగా ఉంది. వెన్ను ముట్టుకుంటే ఎర్రటి పొడి చేతికంటుతోంది. బొమ్మల పేజీల నిండా గోధుమరంగు మచ్చలు. వాటికి ఎదురు పేజీల్లో బొమ్మ నీడలా దిగింది.

ప్రచురణకర్త అట్ట కాదు కాబట్టి ఇది మొదటి ముద్రణ కాదని ఒకరు, 1850 అని ఉంది కాబట్టి ముమ్మాటికీ అదేనని ఇంకొకరు అంటున్నారు. దేన్ని చూసి తేల్చాలి? కొత్త తోలుతో తిరిగి బైండు చేయిస్తే తప్పా?

ఫారంలెక్క:
ఇద్దరి వాదనా నిలవదండి. ముందు అట్టని పక్కన పెట్టేయండి, అసలు సంగతి కాగితాల్లో ఉంటుంది.

ఈ నవల పుస్తకంగా పుట్టలేదు. 1849 మే నుంచి 1850 నవంబరు దాకా నెలనెలా పలచటి సంచికలుగా వచ్చింది. లెక్కకి 20 సంచికలు. ఆఖరి రెండూ కలిపి ఒకే జంట సంచికగా వేశారు కాబట్టి చేతికి వచ్చేవి 19. మామూలు సంచిక వెల ఒక షిల్లింగు, జంట సంచికకి రెండు. ఒక్కో సంచికలో 32 పేజీల కథ, రెండు బొమ్మలు. ఆ లెక్కన 18 సంచికలకి 576 పేజీలు, జంట సంచికలో ఇంకో 48, వెరసి 624. మీ చివరి పేజీ అంకె సరిగ్గా కుదిరింది.

పాఠకులు ఆ సంచికలన్నీ పోగుచేసుకుని, తమకి నచ్చిన బైండరుకి ఇచ్చి, తాహతుకి తగ్గ తోలు వేయించుకునేవారు. పైకవర్లనీ, ‘కాపర్‌ఫీల్డ్ అడ్వర్టైజర్’ అనే ప్రకటనల కాగితాల్నీ బైండరు చాలాసార్లు చించి పారేసేవాడు. అందుకే సగం తోలు, సగం మార్బుల్ కాగితం ఉన్న ప్రతులు మొదటి ముద్రణలో మామూలే. కథ పూర్తయ్యాక ప్రచురణకర్తే ముదురాకుపచ్చ గుడ్డ అట్టతో 21 షిల్లింగులకి అమ్మాడు. అదీ మొదటి ముద్రణే, ఇదీ మొదటి ముద్రణే.

ఇప్పుడు చూడాల్సింది పక్కకుట్టు రంధ్రాలు. సంచికల్ని మడతలో కాకుండా, మడతకి కొన్ని మిల్లీమీటర్లు ఇవతల పక్కనుంచి పొడిచి దారం వేసేవారు. పుస్తకాన్ని 90 డిగ్రీలకి మించి తెరవకుండా, లోపలి మార్జిన్‌లోకి ఏటవాలుగా టార్చి వేసి చూడండి. చిన్న రంధ్రాలు పైనుంచి కిందికి ఒకే వరసలో కనిపించాలి. అవి 1 నుంచి 32వ పేజీ దాకా ఒకే చోట ఉండి, 33వ పేజీ దగ్గర కాస్త జరగాలి. మళ్లీ 65 దగ్గర, 97 దగ్గర కూడా జరగాలి. ఏ సంచికకి ఆ సంచికని విడిగా పొడిచారు కాబట్టి అవి వరసగా కలిసే అవకాశం లేదు. అలా 32కి ఒకసారి జరిగాయంటే మీ ప్రతి సంచికల నుంచి కట్టినదే.

రంధ్రాలు లేకపోతే మాత్రం కంగారు పడొద్దు. ప్రచురణకర్త గుడ్డ అట్ట వేసిన ప్రతుల్లో ఆ కుట్టు ఉండదు. తర్వాతి బైండరు వెన్ను మడతలు కోసేసి కట్టినా రంధ్రాలు పోతాయి. ఉంటే బలమైన సాక్ష్యం, లేకపోతే ఏ సాక్ష్యమూ కాదు, అంతే.

ఫారాలు (ఒకే అచ్చు కాగితాన్ని మడిచి చేసిన పేజీల కట్టలు) కూడా చూసుకోండి. 16 పేజీలకో ఫారం. 1వ పేజీ అడుగున బి, 17 దగ్గర సి, 33 దగ్గర డి, ఇలా అక్షరాలు నడుస్తాయి. 624 పేజీలకి 39 ఫారాలు రావాలి. బైండరు చేతిలో ఫారం అటూ ఇటూ అయిన ప్రతులు ఉంటాయి. పేజీ అంకెలు వరసగా ఉన్నాయో లేదో ఓపిగ్గా ఒక్కసారి తిరగేస్తే ఆ అనుమానం తీరిపోతుంది.

ముందు పేజీల్లో మూడు చూడాలి. అచ్చు ముఖపత్రం కాకుండా, బొమ్మతో ఉన్న రెండో ముఖపత్రం ఒకటి ఉంటుంది. దాని మీద కూడా 1850 ఉండాలి. తర్వాతి అచ్చుల్లో ఆ బొమ్మ ముఖపత్రం మీద సంవత్సరం తీసేశారు. రెండోది అంకితం: రాకింగ్‌హామ్‌కి చెందిన వాట్సన్ దంపతులకి. మూడోది ముందుమాట చివర 1850 అక్టోబరు అని ఉండటం.

వీటన్నిటికన్నా తేలిక పరీక్ష ఇంకోటుంది. తన నవలలన్నిట్లో ఇదే తనకి ప్రియమైన బిడ్డ అని డికెన్స్ అన్న మాట అందరికీ తెలిసిందే. అది 1850 ముందుమాటలో లేదు. 1867లో మొదలైన ‘చార్లెస్ డికెన్స్ ఎడిషన్’ కోసం రాసిన ముందుమాటలో చేరింది. ప్రతిలో ఆ మాట కనబడిందంటే, ముఖపత్రం మీద ఏ సంవత్సరం ఉన్నా ఆ కాగితాలు 1867కి ఇటువైపువే. పేజీల తలకట్టు కూడా అంతే. మొదటి ముద్రణలో పేజీల నెత్తిన నవల పేరే నడుస్తుంది. కుడి పేజీ మీద కథాసందర్భాన్ని బట్టి తలకట్టు మారుతుంటే అది 1867 నాటి పాఠం, లేదా దాన్నుంచి దించినది.

బొమ్మగీత:
ఫారంలెక్క గారు కాగితాల సంగతి చెప్పేశారు, బొమ్మలది నేను చెబుతాను. మొత్తం 40 ఉండాలి: 18 సంచికల్లో రెండేసి చొప్పున 36, జంట సంచికలో నాలుగు. ఆ నాలుగింట్లోవే ముందు బొమ్మా (ముఖపత్రానికి ఎదురుగా ఉండేది), బొమ్మ ముఖపత్రమూ. గీసింది హాబ్లో నైట్ బ్రౌన్, అంటే ‘ఫిజ్’. స్టీలు పలకల మీద ఆమ్లంతో చెక్కినవి.

పది రెట్ల భూతద్దం పెట్టండి. చెక్కిన గీతయితే సిరా ముద్దలా కాగితం మీద కాస్త ఉబ్బెత్తుగా, అంచులు తెగకుండా నిలుస్తుంది. చిన్న చిన్న చుక్కల వల కనబడితే అది ఫొటో తీసి అచ్చువేసిన నకలు. మొదటి ముద్రణని పోలి ఉండేలా తయారుచేసిన ఇటీవలి నకళ్లు అక్కడే దొరికిపోతాయి. కాగితం కూడా చూడండి. కథ అచ్చయిన కాగితం పలచగా, బొమ్మలది మందంగా ఉంటుంది. రెండూ ఒకే కాగితమైతే అనుమానించాలి.

అంతర్జాలంలోని స్కానుతో పోల్చి, గీతలు కలవట్లేదు కాబట్టి నకిలీ అనేస్తుంటారు. తొందరపడకండి. ఈ నవల నెలకి సుమారు 20,000 ప్రతులు పోయేది. ఒక్క పలక అన్ని ముద్రలకి తట్టుకోదు, అందుకని అదే బొమ్మని రెండో పలక మీద కూడా చెక్కేవారు. నీడ గీతల వాలు, మడతల లెక్క, ముఖంలో చిన్న తేడా, ఇవన్నీ రెండు అసలు పలకల మధ్య తేడాలే.

(పక్కమాట: కథలో యార్మత్ తీరాన ఉండే పెగాటీ ఇంటిని ఫిజ్ బోర్లించిన పడవలా గీశాడు. పడవ బోర్లా ఉందని కథలో ఎక్కడా లేదు. ఇసుకలో ఉన్న పాత పడవ, పొగగొట్టంగా ఇనుప గొట్టం, అంతవరకే. ఆ తర్వాత చాలామంది మనసుల్లో ఫిజ్ పడవే స్థిరపడిపోయింది.)

మచ్చలు బొమ్మల కాగితం మీదే ఎక్కువ ఉండటం ఈ ముద్రణకి సహజం. కాగితంలో చిక్కుకున్న ఇనుప రేణువులూ, తేమకి పెరిగే శిలీంధ్రమూ రెండూ దానికి కారణాలే. ఎదురు పేజీలో దిగిన నీడ సిరాలోని నూనె వల్ల.

అట్టవెనుక:
ఇద్దరికీ ధన్యవాదాలు. రంధ్రాలు ఉన్నాయి, 33 దగ్గరా 65 దగ్గరా జరిగాయి కూడా. బొమ్మ ముఖపత్రం మీద 1850 ఉంది. ముందుమాట తేదీ అక్టోబరు 1850, ‘ప్రియమైన బిడ్డ’ లేదు. అంకితం ఉంది, తప్పొప్పుల పట్టిక ఉంది. హాఫ్ టైటిల్ (ముఖపత్రానికి ముందు, పుస్తకం పేరు మాత్రమే ఉండే కాగితం) లేదు. బొమ్మలు రెండుసార్లు లెక్కపెట్టినా 38 వస్తున్నాయి. కొన్ని బొమ్మల అడుగున పేరు సగానికి తెగింది. 132వ పేజీలో ఏదో అచ్చుతప్పు ఉండాలంటారు, అది నిజమేనా?

ఫారంలెక్క:
132వ పేజీ 20వ పంక్తిలో ‘స్క్రీమ్డ్’ ఉండాల్సిన చోట ‘స్క్రూడ్’ అని పడింది, తొలి అచ్చుకి గుర్తుగా చెప్పేది అదే. ఉంటే మంచిదే, కానీ దాని మీద ఎక్కువ బరువు వేయకండి. ఆ పేజీ ఐదో సంచికలోది (129–160), అంటే 1849 సెప్టెంబరుది. ఒక సంచికలో దొరికిన గుర్తు ఆ సంచిక గురించే చెబుతుంది. పోగుచేసిన మనిషి ఐదో సంచిక తొలి అచ్చూ, పదో సంచిక మలి అచ్చూ కొని ఉండొచ్చు. సంచికల నుంచి కట్టిన ఏ ప్రతికైనా ఇదే చిక్కు.

మీది మొదటి ముద్రణే, సంచికల నుంచి కట్టినదే. హాఫ్ టైటిల్‌ని బైండర్లు తీసేయడం మామూలు లోపమే. రెండు బొమ్మలు లేకపోవడం మాత్రం అంతకన్నా పెద్ద లోపం. దాన్ని ‘అసంపూర్ణ ప్రతి’ అనే రాసుకోవాలి.

బొమ్మగీత:
ఆ రెండూ ఎప్పుడు పోయాయో కనుక్కోవచ్చు. ముందు పేజీల్లో బొమ్మల జాబితా ఉంటుంది, ఏది ఏ పేజీకి ఎదురుగా పెట్టాలో అందులో ఉంది. సంచికలో రెండు బొమ్మలూ మొదట్లోనే ఉండేవి, బైండరు ఈ జాబితా చూసి వాటిని లోపలికి సర్దేవాడు. ముందు ఆ జాబితాతో సరిచూడండి, కొన్నిసార్లు బొమ్మ పోలేదు, తప్పు చోట పడింది అని తేలుతుంది. నిజంగానే లేకపోతే, అది ఉండాల్సిన చోట ఎదురు పేజీని కిటికీ వెలుగులో చూడండి. అక్కడ నీడ దిగి ఉంటే బొమ్మ చాలా ఏళ్లు అక్కడే ఉండి తర్వాత పోయిందన్నమాట. ఫ్రేము కట్టుకోవడానికి కోసేసి ఉంటారు, మడత దగ్గర సన్నటి కాగితపు చీలిక కూడా మిగిలి ఉండొచ్చు. నీడా చీలికా రెండూ లేకపోతే, కట్టేటప్పుడే చేరలేదనుకోవచ్చు.

వేరే పాడైన ప్రతి నుంచి బొమ్మలు తెచ్చి అతికించే ఆలోచన వద్దు. ఒకవేళ చేస్తే ఎక్కడివో, ఎప్పుడు చేర్చారో రాసి పెట్టాలి. రాయకుండా చేరిస్తే అది మోసం కిందకే వస్తుంది.

అడుగున పేర్లు తెగడానికి కారణం బైండరు కత్తి. సంచికలుగా ఉన్నప్పుడు ఎత్తు సుమారు 22 సెంటీమీటర్లు. అంచులు సమం చేసేటప్పుడు ఓ సెంటీమీటరు దాకా పోతుంది. తిరిగి బైండు చేయించొద్దని చెప్పడానికి ఇదొక్కటి చాలు. మళ్లీ కత్తి పెడితే మిగిలిన అక్షరాలు కూడా పోతాయి.

జిగురుగిన్నె:
బాగుచేసే సంగతికి వద్దాం. కొత్త తోలు వద్దు. ఇప్పుడున్న కుట్టు గట్టిగా ఉంటే (మధ్యలో ఫారాలు జారకపోతే) ఈ పుస్తకానికి కావాల్సింది రెండే పనులు: పొడిని ఆపడం, ఊడిన అట్ట పోకుండా చూడటం.

ఎర్ర పొడి తోలు లోపలి ఆమ్లం చేసే పని. చెట్ల బెరడుతో పదును పెట్టిన తోలు బొగ్గు పొగలోని గంధకపు వాయువుని పీల్చుకుంటుంది. అది లోపల గంధకామ్లమై పోగుల్ని తినేస్తుంది. పోయిన బలం మళ్లీ రాదు. నూనెలు, తోలు క్రీములు రాయొద్దు. పాత పుస్తకాల్లో సిఫారసు చేసిన పద్ధతే అయినా ఇప్పుడు మానేశారు. నూనె తోలుని నల్లగా చేస్తుంది, జిడ్డుగా మారుస్తుంది, పక్కనున్న కాగితంలోకి దిగి మచ్చ పెడుతుంది. నీళ్ల తడి అసలే తగలనివ్వొద్దు. ఇలా కుళ్లిన తోలు మీద నీటిచుక్క పడితే అక్కడ నల్లబడి గట్టిపడిపోతుంది.

వాడేది హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్, క్లూసెల్-జి పేరుతో వస్తుంది. 100 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో 1 నుంచి 2 గ్రాములు. ఆల్కహాల్‌ని కలుపుతూ ఉండగా పొడిని కొంచెం కొంచెంగా చల్లాలి, ఒక్కసారి పోస్తే ఉండలు కడుతుంది. రాత్రంతా మూతపెట్టి ఉంచితే పలచని జెల్ అవుతుంది. ముందు మెత్తని బ్రష్షుతో వదులు పొడి దులిపేయండి. తర్వాత ఎవరికీ కనబడని మూల మీద గోరంత చోట రాసి, ఆరాక రంగు చూడండి. ఆరేదాకా కొంచెం ముదురుగా కనిపించడం సహజం. ఆరాక కూడా నల్లగానే ఉంటే ఆపేయండి. బాగుంటే పలచగా ఒక పూత, అరగంట ఆగి కావాలంటే రెండోది. మార్బుల్ కాగితానికీ, వెన్ను మీది బంగారు అక్షరాలకీ తగలకుండా చూసుకోండి. గది కిటికీలు తెరిచి ఉండాలి, దగ్గర్లో మంట ఉండకూడదు.

ఊడిన అట్టకి చవకైన, నమ్మకమైన పద్ధతి నూలు టేపు. 10–12 మిల్లీమీటర్ల వెడల్పున్న, రంగు వేయని చదునైన టేపుతో పుస్తకాన్ని చుట్టి, ముడి వెన్ను వైపు కాకుండా పేజీలు తెరుచుకునే వైపు వేయండి. దారమో రబ్బరు బ్యాండో వేస్తే అంచులు కోసుకుపోతాయి, పైగా రబ్బరు కొన్నాళ్లకి కరిగి అంటుకుపోతుంది. టేపు చుట్టిన పుస్తకాన్ని ఆమ్లం లేని అట్టతో చేసిన పెట్టెలో పెట్టండి. కొలతలు మూడు చోట్ల తీసుకుని వాటిలో పెద్ద అంకె పట్టండి. పాత పుస్తకం వెన్ను దగ్గర ఒక మందం, మధ్యలో ఒక మందం ఉంటుంది. పెట్టె ఒకటి రెండు మిల్లీమీటర్లు వదులుగా ఉంటే చాలు. మరీ వదులైతే లోపల ఊగి మూలలు చితుకుతాయి.

అట్టని తిరిగి అతికించాలంటే జపాన్ కోజో కాగితంతో (పలచగా, గట్టిగా ఉండే చేతి కాగితం) లోపలి కీలు, అంటే అట్టనీ పుస్తకాన్నీ కలిపే పట్టీ, వేస్తారు. జిగురు శుద్ధిచేసిన గోధుమ స్టార్చితో చేయాలి, మైదాతో కాదు. మైదాలో మాంసకృత్తులుంటాయి, అవి పురుగుల్ని పిలుస్తాయి, పసుపెక్కుతాయి. ఒక పాలు స్టార్చికి నాలుగైదు పాళ్ల నీళ్లు పోసి, సన్న సెగన కలుపుతూ అపారదర్శకంగా ఉన్నది కాస్తా పారదర్శకం అయ్యేదాకా ఉడికించి, చల్లారాక జల్లెడ పట్టాలి. అయితే ఆ జిగురులో తడి ఉంది, తోలేమో కుళ్లింది. రెండూ కలిసే చోట చెయ్యి తిరగనివాళ్లు పని చేయకూడదు. మొదటి ప్రయత్నం ఈ పుస్తకం మీద చేయకండి. తెల్ల పీవీఏ జిగురు, సెల్లోటేపు రెండూ నిషేధం. పీవీఏ ఎండాక విడదీయడం దాదాపు అసాధ్యం. టేపు జిగురు కాగితంలోకి దిగి చేసే గోధుమరంగు మచ్చ పోదు.

బొమ్మల మీది మచ్చలు అలాగే వదిలేయండి. బ్లీచింగు, హైడ్రోజన్ పెరాక్సైడు వాడితే అప్పటికి తెల్లబడుతుంది, పోగు బలహీనపడుతుంది, సరిగా కడగకపోతే మచ్చ తిరిగొస్తుంది. పై దుమ్ముకి మెత్తని బ్రష్షు, మొండి మసికి మసి తుడిచే రబ్బరు స్పాంజి. రుద్దొద్దు, అద్దుతూ రావాలి. మామూలు రబ్బరుతో తుడిస్తే ఆ తునకలు మడతలో దూరి అక్కడే ఉండిపోతాయి.

కాగితం గురించి దిగులు అక్కర్లేదు. 1849–50 నాటి కాగితంలో ప్రధానంగా గుడ్డపీలికల గుజ్జే ఉంటుంది. ఎస్పార్టో గడ్డి 1860ల్లో, చెక్క గుజ్జు ఆ తర్వాత వచ్చాయి. మీ 624 పేజీలు 1900 నాటి చవక పునర్ముద్రణలకన్నా ఎక్కువ కాలం నిలుస్తాయి.

బొమ్మగీత:
జిగురుగిన్నె గారూ, నీడ దిగకుండా ప్రతి బొమ్మకీ పలచని టిష్యూ కాగితం వేయమని కొందరు చెబుతారు. నేనైతే వద్దంటాను. 40 బొమ్మలకి 40 టిష్యూలు అంటే వెన్ను దగ్గర మిల్లీమీటరుకి పైగా మందం పెరుగుతుంది, ఇప్పటికే చీలిన కీలు మీద ఒత్తిడి పడుతుంది. దిగాల్సిన నీడ నూట డెబ్బై ఏళ్లలో దిగిపోయింది.

జిగురుగిన్నె:
ఒప్పుకుంటాను. ముందు బొమ్మకీ బొమ్మ ముఖపత్రానికీ మధ్య ఒకటి చాలు.

అట్టవెనుక:
పుస్తకం లోపల సన్నటి బెజ్జాలు ఐదారు పేజీలు దాటి పోయాయి. పురుగు ఇంకా ఉందా? కలరా ఉండలు పెట్టొచ్చా? చదువుకోవడానికి తెరవొచ్చా?

జిగురుగిన్నె:
కలరా ఉండలు వద్దు. ఆ ఆవిరి మనుషులకి మంచిది కాదు, వాసన కాగితానికి పట్టి ఏళ్ల తరబడి వదలదు, లోపలున్న పురుగుని నమ్మకంగా చంపనూ చంపదు. పుస్తకాన్ని తెల్ల కాగితం మీద నిలబెట్టి రెండు వారాలు కదపకండి. కింద కొత్తగా పిండిలాంటి పొడి పడితే పురుగు బతికే ఉంది. పడకపోతే అవి పాత బెజ్జాలు.

ఉందని తేలితే: టేపు చుట్టిన పుస్తకాన్ని టిష్యూలో పెట్టి, పాలిథీన్ సంచిలో గాలి తీసేసి అతికించి, మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు. బయటికి తీశాక సంచి విప్పకుండా 24 గంటలు గదిలో ఉంచాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. చల్లగా ఉండగానే విప్పితే గాల్లోని తేమ అంతా తోలు మీద నీరై కూర్చుంటుంది, కుళ్లిన తోలుకి నీళ్లు తగిలితే ఏమవుతుందో పైన చెప్పాను.

మామూలు నిల్వకి 18–20 డిగ్రీలు, గాలిలో తేమ 40 నుంచి 55 శాతం. 65 దాటితే బూజుకి దారి ఇచ్చినట్టే. 18 డిగ్రీలు కుదరకపోతే దిగులు లేదు, అంకె రోజూ ఎగుడుదిగుళ్లు కాకపోవడం ముఖ్యం.

తెరవొచ్చు. రెండు వైపులా దిండ్లు పెట్టి 90–120 డిగ్రీలకి మించకుండా. చేతులు కడిగి పూర్తిగా ఆరబెట్టుకుంటే సరిపోతుంది, నూలు తొడుగులు వేసుకుంటే వేళ్లకి స్పర్శ తెలియక పేజీ చిరుగుతుంది. ఎర్ర పొడి బట్టలకంటకుండా కింద గుడ్డ పరుచుకోండి.

ఫారంలెక్క:
చదివేటప్పుడు రెండు చోట్ల ఆగి చూడండి, సంచికలుగా రావడం కథనే ఎలా మార్చిందో అక్కడ తెలుస్తుంది. ఎనిమిదో సంచికలో (225–256 పేజీలు, 1849 డిసెంబరు) మిస్ మౌచర్ అనే పొట్టి మనిషి నంగనాచిగా, అనుమానం కలిగించేలా ప్రవేశిస్తుంది. ఆ వర్ణన తనదేనని పోల్చుకున్న జేన్ సీమోర్ హిల్ అనే ఇరుగుపొరుగావిడ డికెన్స్‌కి బాధపడుతూ ఉత్తరం రాసింది. అచ్చయిపోయిన సంచికని వెనక్కి తీసుకోలేడు కదా. పదకొండో సంచికలో (321–352 పేజీలు, 1850 మార్చి) అదే పాత్రని మంచి మనిషిగా తిప్పేశాడు. పుస్తకంగా చదివేవాళ్లకి ఆ మలుపు అతుకులా కనిపించేది అందుకే.

రెండోది ఐదో సంచికలో. మిస్టర్ డిక్ అనే మతి చెదిరిన పాత్రని పట్టి పీడించే ఆలోచన, ఇంగ్లండు రాజు ఒకటో చార్లెస్ తల, రాతప్రతిలో మొదట లేదు. పింగాణీ కొట్లో దూరిన ఎద్దు ఉండేది. చార్లెస్ తల నరికింది 1649లో, సంచిక వచ్చింది 1849లో. సరిగ్గా రెండు వందల ఏళ్లు. రాతప్రతిని డికెన్స్ మిత్రుడు జాన్ ఫార్‌స్టర్ దాచాడు. అది ఇప్పుడు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

మీరు తేల్చుకున్నవి (రంధ్రాలు, 38 బొమ్మలు, లేని హాఫ్ టైటిల్, క్లూసెల్ పూసిన తేదీ, ఎంత శాతం కలిపారో) విడి కాగితం మీద పెన్సిలుతో రాసి పెట్టెలో పెట్టండి. పుస్తకంలో ఎక్కడా పెన్ను పెట్టకండి, ఆ కాగితాన్ని పేజీల మధ్య దోపకండి.

అట్టవెనుక:
బొమ్మల జాబితాతో సరిచూశాను. ఒకటి తప్పు చోట ఉంది. రెండోది ఉండాల్సిన చోట నీడ దిగి ఉంది, మడత దగ్గర మూడు మిల్లీమీటర్ల చీలిక మిగిలింది.

బొమ్మగీత:
అయితే 38 కాదు, 39 ఉండాలి. మళ్లీ లెక్కపెట్టండి. ముందు బొమ్మనీ, బొమ్మ ముఖపత్రాన్నీ రెండిటినీ కలుపుకున్నారా? తప్పు చోట ఉన్నదాన్ని మాత్రం కదపకండి, ఎక్కడుందో ఆ పెట్టెలోని కాగితంలో రాయండి.